పాత తీగెకు విలువ కట్టేదెవరు?

వాడుక పోయిన వస్తువును మన కాలం రెండే విధాల చూస్తుంది. తుక్కు వర్తకునికి అది తూకం. ముచ్చటపడి సేకరించేవానికి అది వింత. ఈ రెండు చూపులకూ పొత్తు లేదనుకుంటాం గాని, రెంటిలోనూ ఒకే లోపం ఉన్నది. ఆ వస్తువు ఏ పని కోసం, ఎవరెవరి మధ్య పుట్టిందో రెండూ అడగవు.

1980లనాటి కంప్యూటర్లను మళ్ళీ నడిపించదలచినవారు వాటిని ఆనాడు కలిపిన కోయాక్సియల్ తీగె కోసం వెతుకుతుంటారు. నడుమ రాగి, చుట్టూ ప్లాస్టిక్, దానిపైన లోహపు అల్లిక, ఆపైన తొడుగు: ఇంతే ఆ తీగె. 185 మీటర్ల పొడవున 30 యంత్రాల దాకా వరసగా తగిలించేవారు. రెండు కొసలకూ 50 ఓముల మూతలు బిగించేవారు. మధ్యలో ఎక్కడ తెగినా అందరి మాటా ఆగిపోయేది.

వీధుల్లో వేలాడే టీవీ తీగె చూపుకు దీనికి తోబుట్టువే. కాని అది 75 ఓములది. రెంటినీ అతికితే సంకేతపు వోల్టేజిలో ఐదో వంతు అతుకు దగ్గరనే వెనక్కి మళ్ళుతుంది. ఈ తేడా ఎరగనివానికి రెండూ ఒకటే తుక్కు.

నౌపడ వాసులకు ఇటువంటి సంగతి కొత్తగాదు. అక్కడినుంచి పర్లాకిమిడికి 1900లో నడిచిన చిన్న రైలు పట్టాల ఎడం 2 అడుగుల 6 అంగుళాలు. 2004లో ఆ రైలు ఆగింది. అదే దారిని 5 అడుగుల 6 అంగుళాల పట్టాలు పరిచారు. పాత ఇంజనుకు రంగు పూసి నిలబెట్టవచ్చు. కొత్త పట్టాలమీద అది అడుగు కదలదు. దారిని పోగొట్టి ఇంజనును దాచినవాడు ఇనుమునే దాచినట్లు. తీగె లేని పాత కంప్యూటరు గతీ అంతే.

అయితే, కూటికి చాలని మనుషులున్న దేశంలో ఇదంతా తీరుబడిగలవారి వేడుక కాదా? ఈ ప్రశ్నను తోసిపుచ్చరాదు. రాగి కోసం తీగెల తొడుగులు తగలబెట్టి విషపు పొగ పీల్చేది పేదవాడే. తీగెను తూకానికి అమ్మి చేతులు దులుపుకొన్నవానికి ఆ పొగలో భాగం లేదా?

హామ్ రేడియోవారు ఏరియలుకు వాడేదీ ఈ 50 ఓముల తీగెయే. 1999 ఒడిశా పెనుతుపానులో టెలిఫోన్లు మూగబోతే వారి రేడియోలు కబుర్లు మోశాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలకూల్చింది. కరెంటు స్తంభాలనూ వదలలేదు. అటువంటి తీరాన పనికొచ్చే తీగెను తుక్కుగా అమ్మడం తెలివితక్కువ మాత్రమేగాదు, అన్యాయం కూడా.

అలాగని చెడిన తీగెను అంటగట్టడం ధర్మం గాదు. ఉప్పుగాలి తగిలి అల్లిక పచ్చబడివుండవచ్చు. తేమ లోపలికి పాకివుండవచ్చు. కొసలు విప్పి, నడిమి రాగికీ అల్లికకూ మధ్య మీటరు పెట్టి చూడాలి: అక్కడ విద్యుత్తు పారరాదు. రెండు మూతలూ బిగించి చూస్తే సుమారు 25 ఓములు చూపాలి. ఈ పరీక్షలో నిలిచినా తొడుగు పగిలిన తీగెను రేడియోకు ఇవ్వరాదు. మంచిదాన్ని పొడవు కొలిచి, 50 ఓములని చీటీ కట్టి ఇవ్వాలి. చెడినదాన్ని మంటకు పోని చోటికి చేర్చాలి.

పాతదానిపట్ల మన బాధ్యత పూజతో తీరదు. దాన్ని వాడే తెలివిని నిలపాలి, ఆ తెలివిని నలుగురికీ పంచాలి. రాగికి సంతలో ధర ఉన్నది. ఈ తెలివికి ధర కట్టే సంత లేదు గనుకనే దాని కాపుదల మన అందరి పూచీ అవుతున్నది.