అడిగిన చేతికి సిగ్గెందుకు?

రెండేళ్ళ క్రితము మా సంఘములో జరిగిన ఒక సంగతితో ఈ నాలుగు మాటలు మొదలుపెడుతున్నాము. అది మేము గొప్పగా చెప్పుకొనే సంగతి కాదు. మా తప్పు. అయినా చెప్పుకుంటే మరొక సంఘము ఆ తప్పు చేయకుండా ఉంటుందని వ్రాస్తున్నాము.

మా సభ్యురాలైన ఒక సహోదరికి రొమ్ము క్యాన్సరు అని తేలింది. భర్త సెంటరింగు పని చేస్తాడు. తాతల కాలములోనే ఒంగోలు ప్రాంతము నుండి కర్ణాటకకు వచ్చి స్థిరపడిన కుటుంబము. ఒక ఆదివారము ఆరాధన ముగిశాక ఆమెను ముందుకు పిలిచి, వ్యాధి పేరు అందరికీ చెప్పి, ప్రార్థన చేసి, చందా పట్టాము. 18,400 రూపాయలు వచ్చినవి. ఎవరెంత ఇచ్చారో కోశాధికారి గారు చదివి వినిపించారు. చప్పట్లు కొట్టాము, ఫోటో తీయించాము, మంచి పని చేశామన్న తృప్తితో ఇళ్ళకు వెళ్ళాము.

ఆ తరువాత ఐదారు వారాలు ఆమె గుడికి రాలేదు. మందుల నీరసమనుకున్నాము. ఇంటికి వెళ్ళి పలుకరిస్తే చాలాసేపటికి అన్నది: "నన్ను చూస్తే ఇప్పుడు అందరికీ ఆ లెక్కే గుర్తొస్తుంది అయ్యగారూ. నేను కొత్త చీర కట్టుకున్నా తప్పే, పిల్లకు బిస్కెట్టు కొనిపెట్టినా తప్పే." ఇంకొక మాట కూడా తెలిసింది. రొమ్ములో గడ్డ తగిలిన నాలుగు నెలల వరకు ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే డబ్బు అడగవలసి వస్తుందని భయపడింది. ఆ నాలుగు నెలలలో వ్యాధి ముదిరింది.

అడగడము సిగ్గనుకోవడము చిన్న విషయమేమీ కాదని మాకు ఆ రోజు అర్థమయినది. అది ప్రాణము మీదికి తెస్తుంది. కనుక ఈ ప్రశ్నను మనము నిదానముగా ఆలోచించాలి. కష్టములో ఉన్నవాడు సహాయము అడగడము నిజముగా సిగ్గుపడవలసిన పనేనా? ఆ సిగ్గు ఎవరిది?

మొదట ఈ వ్యాధి ఖర్చు ఎటువంటిదో చూడండి. కాలు విరిగితే ఒకసారి కట్టు, ఒకసారి బిల్లు. క్యాన్సరు అలా కాదు. ఆపరేషను ఒక ఖర్చు. కీమోథెరపీ అయితే చాలామందికి మూడు వారాలకొకసారి చొప్పున నెలల తరబడి ఉంటుంది. రేడియేషను అయితే వారానికి ఐదు రోజులు, కొన్ని వారాలు. ఊరు దాటి ఆసుపత్రికి పోవాలి, అక్కడ గది అద్దెకు తీసుకోవాలి, తోడు మనిషి ఉండాలి. అంటే ఒక ఇంటిలో రెండు కూలీలు ఆగిపోతాయి. బిల్లులో కనిపించే ఖర్చు కంటే కనిపించని ఖర్చే ఇంటిని ముంచుతుంది. ఇంత దూరపు ప్రయాణమునకు మన ఒక్క ఆదివారపు చందా ఎక్కడ సరిపోతుంది? మంచి సమరయుని ఉపమానములో మనము తరచుగా మరచిపోయే సంగతి ఇదే. అతడు గాయములు కట్టి ఊరుకోలేదు. పూటకూళ్ళ వానికి రెండు దేనారములు ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాట కూడా ఇచ్చాడు. అంటే అతడు తిరిగి వచ్చే సహాయము చేశాడు.

రెండవది, అడగడములో ఒక భాగము అసలు యాచనే కాదు. అది హక్కు. అడయారు క్యాన్సరు ఇన్‌స్టిట్యూటు ఎలా పుట్టిందో తలచుకోండి. డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి గారు తన చెల్లెలిని ఈ వ్యాధికే పోగొట్టుకున్నారు. ఆ దుఃఖముతోనే పట్టుబట్టి, చందాలు పోగుచేసి, 1954లో 12 పడకలతో ఆ ఆసుపత్రిని ఆరంభించారు. ఆమె శాసనసభలో కూర్చున్న మనిషి. అయినా రోగుల కొరకు చెయ్యి చాచడానికి ఆమె సిగ్గుపడలేదు. ముంబయిలో టాటా మెమోరియలు 1941లో, బెంగుళూరులో కిద్వాయి 1973లో, హైదరాబాదులో ఎం.ఎన్.జె. 1955లో వచ్చినవి. ఇవన్నీ దానము, పన్ను, చందా కలిసి కట్టినవి. మన తండ్రులు, తాతలు కొన్న అగ్గిపెట్టె మీది పన్ను కూడా అందులో ఉన్నది. అక్కడ తగ్గింపు కోరడము భిక్షమెత్తడము కాదు.

ప్రభుత్వ పథకములు కూడా ఇటువంటివే. కేంద్రము 2018 సెప్టెంబరులో ఆరంభించిన ఆయుష్మాన్ భారత్ కింద అర్హత గల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి ఖర్చు దొరుకుతుంది. 2024 నుండి 70 ఏళ్ళు నిండినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండా ఇచ్చారు. ఒడిశా 2025లో ఇందులో చేరింది. కర్ణాటకలో ఆరోగ్య కర్ణాటక, తమిళనాడులో ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా, మహారాష్ట్రలో మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన ఉన్నవి. దారిద్య్ర రేఖకు దిగువనున్న రోగుల కొరకు, ప్రాంతీయ క్యాన్సరు కేంద్రముల ద్వారా ఇచ్చే ఆరోగ్య మంత్రి క్యాన్సరు రోగుల నిధి 2009లో ఏర్పడింది. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికి ఆసుపత్రి ఇచ్చిన ఖర్చు అంచనాతో దరఖాస్తు పెట్టుకోవచ్చు. చికిత్సకు పోయే క్యాన్సరు రోగికి రైలు స్లీపరులోను, థర్డ్ ఏసీలోను టిక్కెట్టు పూర్తిగా ఉచితము. తోడు వచ్చే ఒక్కరికి 75 శాతము తగ్గింపు. ఆసుపత్రి వారు సంతకము చేసిన ఫారము ఉంటే చాలు. ఇది తెలియక పూర్తి ఛార్జీ పెట్టి తిరిగిన కుటుంబములు మన సంఘములలో ఎన్ని ఉన్నవో!

ఇక్కడ మన వలస బ్రతుకుకు సంబంధించిన చిక్కు ఒకటి ఉన్నది. మూడు తరములుగా ఇక్కడే కాపురము ఉంటూ, రేషను కార్డు మాత్రము సొంత ఊరిలో ఉంచుకున్నవారు మనలో ఉన్నారు. ఎప్పటికైనా తిరిగి వెళ్తామన్న ఆశ, ఊరిలో పేరు తీసివేస్తారన్న భయము దీనికి కారణము. జబ్బు చేసిన రోజున ఆ కార్డు ఇక్కడ చెల్లదు, ఇక్కడి కార్డు చేతిలో ఉండదు. కేంద్ర పథకములో పేరున్నవారు వేరే రాష్ట్రములో కూడా చికిత్స పొందవచ్చు గాని, రాష్ట్రములు తమ సొంత నిధులతో ఇచ్చే కార్డుకు ఆ వసతి అన్ని చోట్ల ఉండదు. యానాము వారి సంగతి మరీ విచిత్రము. చుట్టూ ఆంధ్రయే, కార్డు మాత్రము పుదుచ్చేరిది. మనము ఏ ఊరివారము అన్న ప్రశ్నకు పాటలలో ఒక జవాబు, కాగితములలో ఒక జవాబు ఉంటే, ఆ మధ్య సందులో రోగి పడిపోతాడు. ఉన్నచోట పేరు నమోదు చేయించుకోవడము పుట్టిన ఊరికి ద్రోహము కాదు.

ఇక ఇచ్చేవారి వైపు ప్రశ్న. "తన చేతులారా తెచ్చుకున్నదానికి మనమెందుకు ఇవ్వాలి?" అని కమిటీలలో ఎవరో ఒకరు అడుగుతారు. గుట్కా నమిలినవానికి నోటి క్యాన్సరు వచ్చినప్పుడు ఈ మాట తప్పక వస్తుంది. శ్రీకాకుళము, విశాఖ తీరములోను, సరిహద్దు దాటి ఒడిశాలోను మన పెద్దమ్మలు, నాయనమ్మలు అడ్డపొగ త్రాగేవారు. చుట్ట నిప్పు వైపు నోటిలో పెట్టుకొని పీల్చడము. దాని వలన అంగిలికి క్యాన్సరు వస్తుందని వైద్యులు ఏనాడో చూపించారు. ఆ తల్లులకు ఆ అలవాటు ఎవరు నేర్పారు? వారి తల్లులు. వద్దని ఎవరు చెప్పారు? చాలామందికి ఎవరూ చెప్పలేదు. అలవాటు చెడ్డదే. మానమని చెప్పవలసిన సమయము ఒకటి ఉన్నది. అది రోగి మంచము ప్రక్కన నిలబడినప్పుడు కాదు. పైగా ఏ చెడ్డ అలవాటూ లేనివారికి, పసిపిల్లలకు కూడా ఈ వ్యాధి వస్తున్నది. నడతను బట్టి సహాయము కొలవడము మొదలుపెడితే, ఆ కొలతకు నిలిచేవారు మనలో ఎందరు?

అయితే డబ్బు కొద్దిది, అడిగేవారు ఎక్కువ. మోసము చేసేవారు కూడా ఉంటారు. ఇది కొట్టివేయదగిన మాట కాదు. విచారించడము అవమానము కాదని మా అభిప్రాయము. అందరి ముందు విచారించడము అవమానము. ఇద్దరు నమ్మకమైనవారు, అందులో ఒకరు స్త్రీ, ఇంటికి వెళ్ళి కాగితములు చూడవచ్చు. డబ్బు నేరుగా ఆసుపత్రికి కట్టవచ్చు. పెద్ద ఆసుపత్రులలో రోగులకు దారి చూపే సామాజిక కార్యకర్తలు ఉంటారు. వారిని కలిసి, పథకము ఇవ్వగలిగినది ముందు తెచ్చుకొని, మిగిలినదానికే సంఘ నిధిని వాడవచ్చు. అప్పుడు కొద్ది డబ్బే నలుగురికి అందుతుంది.

ఒంగోలు నుండి వచ్చినవారు మన మధ్య చాలామంది ఉన్నారు గనుక పాత సంగతి ఒకటి గుర్తు చేస్తాము. 1876-78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో ఉన్నవారికి అక్కడ పని ఇచ్చి, కూలి ఇచ్చారు. ఆ కరువు రోజులలో బాప్తిస్మము కోరి వచ్చినవారిని ఆగమన్నారు. కూటి కొరకు విశ్వాసము, విశ్వాసము కొరకు కూడు అన్న బేరము జరుగకూడదని ఆయన చూశారు. మన పూర్వికులలో కొందరు ఆ కాలువ గట్టున సహాయము పుచ్చుకున్నవారే. పుచ్చుకున్నందుకు వారి తల దిగలేదు, ఎందుకంటే ఇచ్చినవాడు వారి తల దించలేదు.

కాబట్టి సిగ్గు ఎవరిదన్న ప్రశ్నకు మాకు తోచిన జవాబు ఇది. వ్యాధి రావడములో సిగ్గు లేదు. అడగడములో సిగ్గు లేదు. అడగడానికి భయపడేటట్లు మనము ప్రవర్తించి ఉంటే, ఆ సిగ్గు మనదే.

అన్నిటికీ జవాబు దొరికినదని మేము చెప్పము. వైద్యులు ఇక నయము కాదని చెప్పిన తరువాత కూడా ఇల్లు అమ్మి చికిత్స చేయిస్తామని కుటుంబము వస్తే ఏమి చెప్పాలి? వద్దంటే ప్రాణము లెక్కకట్టినట్లుంటుంది. ఊరుకుంటే రేపు పిల్లలు వీధిలో ఉంటారు. నొప్పి తగ్గించే వైద్యము కూడా వైద్యమే, రాత్రి ప్రక్కన కూర్చోవడము కూడా సహాయమే అని మాత్రము మేము నేర్చుకున్నాము.

మా సంఘములో ఇప్పుడు పేర్లు చదవడము లేదు. నెలకొకసారి కవర్లలో వచ్చినది ఒక నిధిగా ఉంటున్నది. ఆ సహోదరి ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాము. చికిత్స సాగుతున్నంత కాలము ప్రతి నెలా ఇద్దరు స్త్రీలు వెళ్ళి వచ్చారు. కార్డు పని ఒకరు చూశారు, రైలు ఫారము ఒకరు చూశారు. కొన్నాళ్ళకు ఆమె తిరిగి ఆరాధనకు వచ్చి వెనుక వరుసలో కూర్చున్నది.

మొన్న కోతకాలపు పండుగనాడు నిధి కవర్లు విప్పుతూ ఉండగా ఒకదానిలో యాభై రూపాయలు, "రోగుల కొరకు" అన్న వ్రాత కనబడినవి. పేరు లేదు. ఆ చేవ్రాత మా కోశాధికారి గారికి తెలుసు. ఆయన కొంచెంసేపు ఆగి, పుస్తకములో "ఒక సహోదరి, 50" అని మాత్రము వ్రాసుకున్నారు.

మీ సంఘములలో ఈ సంగతి ఒకసారి మాట్లాడుకొనవలసినదిగా కోరుచున్నాము.