గుమ్మం దగ్గర ఆపినవాడు

పోయిన వారం వీడియోలో వినాయక వ్రతకథ చెప్పుకున్నాం కదా. ఏటా చవితినాడు చేతిలో అక్షతలు పట్టుకుని వినే కథే. కానీ ఈసారి ఒకచోట నా మనసు ఆగిపోయింది.

గజాసురుడి కడుపులోంచి బయటపడ్డ శివుడు కైలాసానికి వస్తున్నాడు. భర్త వస్తున్నాడన్న కబురు విని పార్వతీదేవి సంబరంగా అభ్యంగన స్నానానికి బయల్దేరింది. నలుగుపిండితో ఒక పిల్లవాణ్ణి చేసి, ప్రాణం పోసి, ఎవరినీ లోపలికి రానివ్వద్దని చెప్పి గుమ్మం దగ్గర నిలబెట్టింది. వచ్చినవాడు ఆ ఇంటివాడే. పిల్లవాడికి ఆ సంగతి తెలీదు, ఆపేశాడు.

చిన్నప్పుడు నాకిది ఏనుగు తల ఎలా వచ్చిందో చెప్పే కథ. ఇప్పుడు మాత్రం, భార్యని చూడ్డానికి వెళ్లిన భర్తని గుమ్మంలోనే ఆపేసిన కథ. ఎందుకంటే నన్నూ ఆపారు.

నా భార్య అమెరికాలో ఎం.ఎస్. చేసి ఇప్పుడు డాలస్‌లో ఓపీటీ మీద ఉద్యోగం చేస్తోంది. పెళ్లయి ఏడాదిన్నర. కలిసి ఉన్న రోజులు లెక్కేస్తే నలభై దాటవు. తన వీసా గడువు అయిపోయింది కాబట్టి ఇటు వస్తే మళ్లీ స్టాంపింగ్‌కి వెళ్లాలి, అది రాకపోతే ఉద్యోగం పోతుంది. అందుకని మూడు వారాలు నేనే వెళ్లొద్దామనుకున్నాను. ఇంటర్వ్యూ రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మీ భార్య అక్కడ ఏం చేస్తారు, మీరు ఇక్కడ ఏం చేస్తారు, పెళ్లెప్పుడైంది. అంతే, ఒక కాగితం చేతిలో పెట్టారు. జీతం స్లిప్పులు, లీవ్ లెటర్ ఉన్న ఫైలు తెరవనే లేదు.

ఆ కాగితం మీద ఉన్నది 214(బి). 1952 నాటి అమెరికా వలస చట్టంలో ఒక సెక్షన్. దాని ప్రకారం, వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే స్థిరపడిపోవడానికి వస్తున్నాడనే ముందుగా అనుకోవాలి (హెచ్-1బి లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది). కాదని నిరూపించుకోవాల్సింది మనమే. సొంత దేశంతో గట్టి బంధాలు చూపించాలి. నా అన్నిటికన్నా గట్టి బంధం డాలస్‌లో ఉంది. అంటే నా పెళ్లే నాకు వ్యతిరేక సాక్ష్యం! ఈ నిర్ణయం మీద అప్పీలు లేదు. 185 డాలర్ల ఫీజు మళ్లీ కట్టి, మళ్లీ మొదటి నుంచి అప్లై చేసుకోవడమే.

ఇంటికొచ్చాక అమ్మ "ప్రాప్తం లేదు నాన్నా" అంది. పెద్దమ్మ ఏలినాటి శని అంది. ఫ్రెండ్ ఒకడు "ఆ ఆఫీసర్‌కి మనోళ్లంటే పడదురా" అన్నాడు. ముగ్గురూ నా మీద ప్రేమతోనే అన్నారు. ముగ్గురూ వెతుకుతున్నది మాత్రం ఒకటే: ఇందులో పాపి ఎవరు? పూర్వజన్మలో నేనా, కౌంటర్ అవతల ఉన్న ఆయనా?

మొదట నా సంగతి. ఇంటర్వ్యూకి ముందు చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేశాను. కోరిక తీరితే నూట ఎనిమిది చేయడం అక్కడి ఆనవాయితీ. నాతో పాటే తిరిగిన కొలీగ్‌కి వీసా వచ్చింది. అతనిది అనుగ్రహం అయితే నాది ఏమిటి? స్వామిని వీసా ఆఫీసర్‌కి పై ఆఫీసర్‌గా చూసినంతకాలం ఈ ప్రశ్న వదలదు. కర్మ లెక్క అంతుపట్టడం చాలా కష్టమని గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడే చెప్పాడు. అలాంటి లెక్కని రెండు నిమిషాల ఇంటర్వ్యూ చూసి తేల్చేయడం నాకు భక్తి అనిపించదు, తొందరపాటు అనిపిస్తుంది.

మరి ఆపినాయన? శివుడికి కోపం వచ్చింది, త్రిశూలం ఎత్తాడు. (మనకి త్రిశూలం లేదు కాబట్టి ఫోన్ ఎత్తుతాం.) కానీ కథ ఆ పిల్లవాణ్ణి ఎక్కడా తప్పు పట్టదు. వాడు చెప్పిన పని చేశాడు. అందుకే శివుడంతటివాడు కూడా జరిగినదాన్ని సరిదిద్దాల్సి వచ్చింది. ఆపినవాడికే ఇవాళ మనం తొలిపూజ చేస్తున్నాం. కౌంటర్ అవతల మనిషి కూడా అనుమానించమని చట్టం చెప్పింది కాబట్టి అనుమానించాడు. ఆయన మీద నాకు ద్వేషం లేదు.

అయితే ద్వారం దగ్గర మనిషి మంచివాడైనంత మాత్రాన ద్వారం న్యాయమైనది కాదు. మన పురాణాల్లో గుమ్మాల కథలు చూడండి. పార్వతి లోపల్నుంచి వచ్చింది, బిడ్డ కోసం అడిగింది, శివుడు సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది. వైకుంఠంలో జయవిజయులు సనకసనందనాదుల్ని ఆపితే విష్ణుమూర్తే లక్ష్మీదేవితో కలిసి నడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చాడు. ఆపిన ప్రతిచోటా, వెనకాల నుంచి ఒకరు బయటికొచ్చి "ఏం జరిగింది?" అని అడిగారు. నేను నిలబడ్డ ద్వారానికి ఆ బయటికొచ్చే మనిషి లేరు. 2024 జూన్‌లో అమెరికా సుప్రీం కోర్టు ఒక కేసు తేల్చింది. భార్య అమెరికా పౌరురాలు, ఎల్ సాల్వడార్‌కి చెందిన భర్తకి వీసా నిరాకరించారు. పౌరురాలికైనా సరే, భర్తని దేశంలోకి తెచ్చుకోవడం రాజ్యాంగం కాపాడే మౌలిక హక్కు కాదని మెజారిటీ తీర్పొచ్చింది. పౌరురాలి పరిస్థితే అది, ఓపీటీ మీద ఉన్న నా భార్య ఎంత? ఏ దేశానికైనా గుమ్మం ఉండాలి, కాదనను. ఆపాక కారణం అడిగే చోటు కూడా ఉండాలంటాను. ఇందులో పాపి ఎవరూ లేకపోవచ్చు. అన్యాయం మాత్రం ఉంది.

ఇంకో మాట. అప్లికేషన్ నింపేటప్పుడు ఒక కన్సల్టెంట్, అమెరికాలో భార్య ఉందా అన్నచోట "లేదు" అని పెట్టమన్నాడు. మా బాబాయ్ కూడా వంత పాడాడు. పెళ్లి విషయాల్లో అబద్ధమాడొచ్చని శుక్రాచార్యుడే చెప్పాడు కదరా అన్నాడు. చెప్పాడు, నిజమే. పోతనగారి భాగవతంలో ఉంది. ఎవరికి చెప్పాడు? ఇచ్చిన మాట తప్పమని బలిచక్రవర్తికి. బలి వినలేదు, అదీ భాగవతంలోనే ఉంది. అబద్ధం దొరికితే శాశ్వతంగా తలుపు మూసుకుపోవచ్చు, ఆ భయం ఎలాగూ ఉంది. దాన్ని పక్కన పెట్టినా, భార్యని చూడ్డానికి భార్య లేదని రాయాలా? నాతిచరామి అని ఏడాదిన్నర కిందటే అన్నాను.

మన కథల్లో ఆగినవాడి కోపం గురించి చెప్పుకుంటాం. లోపల ఉన్నవాళ్ల గురించి తక్కువ. పార్వతి తలుపేయించింది భర్త వస్తున్నాడనే. ఆ తలుపే ఆయనకి అడ్డమైందని తెలిసినప్పుడు ఆవిడకెలా ఉండి ఉంటుంది? ఆ రాత్రి ఫోన్‌లో తను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేనిక్కడ ఉద్యోగంలో చేరకపోతే నీకీ మాట పడేది కాదు" అంది. నా రిజెక్షన్ కంటే నాకు ఎక్కువ తగిలింది అదే. చదువుకుని, కష్టపడి, కుదురుకున్న అమ్మాయి, భర్తకి వీసా రానందుకు తన ఉద్యోగాన్ని తప్పుగా చూసుకుంటోంది. అమ్మ అన్న ప్రాప్తం మాట తనదాకా వెళ్లనివ్వలేదు. వెళ్తే తన జాతకం తీస్తారు, కోడలి అడుగు అంటారు. ఇంట్లో ఆ మాట ఇంకెవరూ అనకూడదని గట్టిగానే చెప్పాను. అమ్మ కాస్త నొచ్చుకుంది.

తన ఓపీటీ ఇంకా పద్నాలుగు నెలలు ఉంది. దసరా అయ్యాక మళ్లీ అప్లై చేస్తున్నాను. ఆ ప్రశ్న దగ్గర మళ్లీ "అవును" అనే పెడతాను. బాబాయ్‌కి ముందే చెప్పేశాను.