ఎవరికీ భారం కాకుండా

మన ఇళ్ళల్లో అరవై దాటినవాళ్ళు దేవుణ్ణి అడిగే కోరికల్లో ఒకటి మాత్రం దాదాపు అందరిదీ ఒకటే. "మంచాన పడకుండా, ఎవరికీ భారం కాకుండా, కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే పోతే చాలు." డబ్బున్నవాళ్ళూ అంటారు, లేనివాళ్ళూ అంటారు. మా అమ్మమ్మ రోజూ సాయంత్రం దీపం పెట్టాక అనేది. ఆ కోరిక తీరలేదు. పక్షవాతం వచ్చి రెండేళ్ళు మంచంలోనే ఉండి పోయింది.

ఎలాంటి బతుకు బతకదగ్గది? ఈ ప్రశ్న నాకు మొదట పుస్తకాల్లోంచే వచ్చింది, మనలో చాలామందికి వచ్చినట్టే. కామూ 1942లో సిసిఫస్ గురించి రాస్తూ తాత్వికులకి ఇంతకన్నా పెద్ద ప్రశ్న లేదన్నాడు. టాల్‌స్టాయ్ యాభై ఏళ్ళ వయసులో, 'యుద్ధము-శాంతి', 'అన్నా కరెనినా' రెండూ రాసేశాక, ఇదంతా ఎందుకు అన్న చోట ఆగిపోయాడు. ఉరేసుకుంటానేమో అని భయపడి ఇంట్లో తాడు కనబడకుండా దాచుకున్నాడు. ఇవి చదివి నేను చాలా రాత్రులు నిద్రపోలేదు. అబద్ధం ఎందుకు, కాస్త గర్వంగా కూడా ఉండేది.

అమ్మమ్మ మంచం పక్కన కూర్చున్నాక ఒకటి అర్థమైంది. ఆ పుస్తకాల్లో ప్రశ్న అడిగే మనిషి లేచి తిరగగలడు. తన అన్నం తను తింటాడు. ఆలోచించుకోడానికి అతనికి తీరిక ఉంది, గదికి తలుపుంది. పక్కమీద ఉన్న మనిషికి ఆ ప్రశ్న వేరేలా వస్తుంది. అసలు ఆమె అడగకముందే చుట్టూ ఉన్నవాళ్ళు అడగడం మొదలుపెడతారు. పలకరించడానికొచ్చిన బంధువులు హాల్లో కాఫీ తాగుతూ గొంతు తగ్గించి, "ఇలా ఎన్నాళ్ళు? ఆమెకీ నరకమే, మీకూ నరకమే" అంటారు. మంచివాళ్ళే. ప్రేమగానే అంటారు.

ఈ మాట మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అరుణా షాన్‌బాగ్ ముంబైలో కేఈఎం ఆసుపత్రి నర్సు. పెళ్ళి కుదిరింది. 1973 నవంబరు 27న అక్కడే పనిచేసే వార్డు బాయ్ ఆమె మెడకి కుక్క గొలుసు బిగించి అత్యాచారం చేశాడు. మెదడుకి రక్తం అందక చూపు పోయింది, మాట పోయింది. వాడికి దోపిడీ, హత్యాయత్నం కింద ఏడేళ్ళ శిక్ష పడింది. ఆమె అదే ఆసుపత్రిలో మంచానికే పరిమితమై దాదాపు 42 ఏళ్ళు ఉంది. రచయిత్రి పింకీ విరానీ, ఇది బతుకు కాదు, ఇక ఆమెకి ఆహారం ఆపి వెళ్ళిపోనివ్వండి అని పిటిషన్ వేసింది. కేఈఎం నర్సులు ఒప్పుకోలేదు. 2011 మార్చి 7న కోర్టు, కోలుకునే ఆశ లేనివాళ్ళకి కొన్ని షరతులతో వైద్యం ఆపొచ్చు అంది గానీ, అరుణ విషయంలో మాత్రం నర్సుల వైపే నిలిచింది. ఆమె తరఫున మాట్లాడే హక్కు ఇన్నేళ్ళు చూసుకున్నవాళ్ళదే అంది. 2015 మేలో న్యుమోనియాతో చనిపోయింది.

ఆ తీర్పు వచ్చినప్పుడు నేను విరానీ పక్షం. ఇప్పటికీ ఆమెది తప్పని అనలేను. అరుణకి జరిగిన దాన్ని దేశం మర్చిపోయినప్పుడు పుస్తకం రాసి గుర్తుచేసింది ఆమే. కానీ ఇంకొకరి బతుకు గురించి "ఇది బతుకు కాదు" అనే వాక్యానికి ఒక చరిత్ర ఉంది. 1920లో జర్మనీలో ఒక న్యాయశాస్త్ర పండితుడూ ఒక మానసిక వైద్యుడూ కలిసి, బతకదగని బతుకులని ముగించడం గురించి ఒక చిన్న పుస్తకం వేశారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి నాజీలు 70,000 మందికి పైగా రోగుల్ని, వికలాంగుల్ని గ్యాస్ పెట్టి చంపారు. విరానీని వాళ్ళ పక్కన పెట్టడం అన్యాయం, నేనా పని చెయ్యను. ఆమె మాటలో దయ ఉంది. అయితే దయగా అన్నా, లెక్కగా అన్నా, ఆ వాక్యంలో మాట్లాడేది మంచం మీది మనిషి కాదు. నాకు తేడా పడేది అక్కడే.

మంచం మీది మనిషే మాట్లాడితే? అదీ జరిగింది, మన హైదరాబాదులోనే. కె. వెంకటేశ్ చదరంగం ఆటగాడు. కండరాలు క్రమంగా క్షీణించిపోయే మస్క్యులర్ డిస్ట్రఫీ. 2004 డిసెంబరుకి వెంటిలేటర్ మీద ఉన్నాడు, పాతికేళ్ళ వయసు. తను పూర్తిగా పోయాక అవయవాలు పనికిరావు కాబట్టి, ముందే తీసుకుని అవసరమైనవాళ్ళకి ఇవ్వమన్నాడు. అతని తరఫున తల్లి సుజాత హైకోర్టుకి వెళ్ళింది. బ్రెయిన్ డెడ్ అయితే తప్ప 1994 నాటి చట్టం ఒప్పుకోదని కోర్టు కాదంది. ఆ వెంటనే అతను పోయాడు. కళ్ళు మాత్రమే ఇవ్వగలిగారు. 2022లో రేవతి తీసిన 'సలాం వెంకీ' అతని కథే.

చట్టం ఎందుకు కాదందో అర్థమవుతుంది. బతికున్న మనిషి నుంచి గుండె తీసుకోడానికి ఒకసారి తలుపు తెరిస్తే, రేపు అదే తలుపులోంచి ఎవరు ఎవర్ని నెడతారో చెప్పలేం. కానీ వెంకటేశ్ తన బతుక్కి విలువ లేదని అన్నట్టు నాకనిపించదు. విలువ ఉందనే పంచమన్నాడు. నా బతుకు ఇక చాలు అని తను అనడం వేరు, నీ బతుకు ఇక చాలు అని మనం అనడం వేరు. రెండింటికీ ఒకే మాట వాడుతున్నాం కాబట్టి ఒకటే అనుకుంటున్నాం.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడ ఆపేస్తే మాత్రం మా అమ్మకి అన్యాయం చేసినట్టే.

అరుణకి అన్నేళ్ళలో ఒక్క పడకపుండు కూడా రాలేదు. కోర్టు ప్రత్యేకంగా మెచ్చుకున్న సంగతి ఇది. మంచాన పడ్డవాళ్ళని చూసుకున్నవాళ్ళకి తెలుస్తుంది అదెంత పనో. రెండు గంటలకోసారి ఒత్తిగిలి పడుకోబెట్టాలి, రాత్రిళ్ళు కూడా. ఆ పని చేసింది ఒక నర్సు కాదు, తరాల నర్సులు. ఒకరి డ్యూటీ అయిపోతే ఇంకొకరు. ఒకరు రిటైరైతే కొత్తగా చేరినవాళ్ళు. మా ఇంట్లో రెండు గంటలకోసారి లేచింది మా అమ్మ ఒక్కతే. మామయ్యలు డబ్బు పంపేవాళ్ళు. నేను వీడియో కాల్ చేసేవాణ్ణి. ఆ రెండేళ్ళలో అమ్మ నడుం పోయింది, ఉద్యోగం పోయింది, ఎవరింట్లోనైనా పెళ్ళికి వెళ్ళడం పోయింది. అమ్మమ్మ బతుకు బతకదగ్గదే అని నేను ఇక్కడ హాయిగా రాస్తున్నానంటే, దాని ఖర్చు నేను కట్టలేదు కాబట్టే.

అందుకే "ఎవరికీ భారం కాకుండా పోవాలి" అనే కోరిక నాకు ఇప్పుడు వేరేలా వినిపిస్తుంది. చావుకి భయపడి అనే మాట కాదది. మన ఇళ్ళు ఎలా నడుస్తాయో బాగా తెలిసినవాళ్ళు అనే మాట. తను పడిపోతే ఆ బరువు ఎవరి నడుం మీద పడుతుందో అమ్మమ్మకి ముందే తెలుసు. తన అత్తగారు పడిపోయినప్పుడు మోసింది తనే మరి. పదిమంది పట్టుకుంటే మంచం బరువేం కాదు. ఒక్కరే మోసినప్పుడే, మంచం మీది మనిషి తన బతుకుని తప్పుగా చూసుకోవడం మొదలుపెడుతుంది.

అంటే, బతుకు బతకదగ్గదా కాదా అనేది పూర్తిగా ఆ మనిషి లోపల తేలే విషయం కాదు. సాధించినవాటితో తేలేది అసలే కాదు. ఏటా అప్రైజల్ ఫారంలో మన విలువ మనమే రాసుకునే అలవాటున్న మనకి ఇది మింగుడుపడదు. సగం విలువ పక్కనున్నవాళ్ళ చేతుల్లో ఉంటుంది, ఆ చేతులు ఎన్ని, వాటికి విశ్రాంతి దొరుకుతోందా అన్నదానిలో ఉంటుంది. టాల్‌స్టాయ్ తన ప్రశ్నకి జవాబు రైతుల విశ్వాసంలో వెతుక్కున్నాడు. ఆ ఇంట్లో ఆయన గిన్నెలు ఎవరు కడిగారో కూడా జవాబులో భాగమేనని నాకనిపిస్తుంది.

అమ్మమ్మకి చివర్లో ఒకే ఒక్క మాట మిగిలింది. "పాలు." సాయంత్రం ఐదయ్యేసరికి అనేది, పాలబ్బాయి వచ్చే వేళ. ఆమె పాలు తాగదు, ఎప్పుడూ తాగలేదు. అమ్మ టీ పెట్టుకోవాలి కదా అని గుర్తుచేసేది. అమ్మ వెళ్ళి పాల ప్యాకెట్ తెచ్చి ఆమెకి చూపించేది, "వచ్చాయమ్మా" అని. అప్పుడు కళ్ళు మూసుకునేది.

ఆ రెండేళ్ళు ఆమె బతికిందా అని ఎవరైనా అడిగితే నాకు ఈ సాయంత్రాలే గుర్తొస్తాయి. ఆ టీ ఒక్కరోజైనా నేను పెట్టి ఉండాల్సింది అనే సంగతి కూడా.