తటాకమునకు ఆరు దోషములు

నారములనగా జలములు. అవి నెలవుగా గలవాడగుటచే శ్రీమహావిష్ణువు నారాయణుడని ప్రసిద్ధి కెక్కెను. అట్టి జలమును ప్రాణికోటికై నిలుపుట భగవత్కైంకర్యమని పూర్వులు భావించిరి. పుత్రుడు, నిధి, అగ్రహారము, కావ్యము, దేవాలయము, వనము అను వానితోపాటు తటాకమును గూడ సప్తసంతానములలో చేర్చిరి.

కడప, కర్నూలు సీమలలో ఈ ధర్మమునకు విశేష ప్రయోజనము కలదు. అచ్చట వాన రాకున్న కరవు. వచ్చినచో ఒక్కొక్కప్పుడు ఒక్క రేయిలోనే వంకలు పొంగి ఊళ్లను ముంచును. ఈ రెండాపదలకును పెద్దలు కనుగొనిన ఔషధము చెరువు. అయితే ఔషధమును సేవించు విధము తెలియనిచో అదియే విషమగును. ఈ సత్యమును వారు శిలపై చెక్కించి యుంచిరి.

కడప మండలమందలి పోరుమామిళ్లలో ఆ శాసనము కలదు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో అచ్చట అనంతరాజసాగరమను చెరువును నిర్మింపజేసెను. దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు చొప్పున రెండేండ్లు పనిచేసినట్లు సంస్కృత శాసనము తెలుపుచున్నది. ధర్మాత్ముడగు రాజు, జలశాస్త్రవేత్త, గట్టినేల, తీయని నీటి నది, దృఢమైన రాతికట్ట, నేర్పరులగు పనివారు మున్నగు పండ్రెండు సాధనములను చెప్పి, ఆ శాసనమే ఆరు దోషములను గూడ పేర్కొనెను.

మొదటిది కట్టనుండి నీరూరుట. చిన్న చెమ్మయే కాలక్రమమున గండియగును. రెండవది చవిటినేల. మూడవది రెండు రాజ్యముల పొలిమేరన చెరువుండుట. ఇరువురిదైన సొత్తును ఎవరును కాపాడరు. నాలుగవది గర్భమున కూర్మము, అనగా తాబేటి వీపువలె ఉబ్బిన మిట్ట. పాలకడలిలో మందరమును మోసిన కూర్మము లోకరక్షకమే గాని, చెరువులోని కూర్మము నీటి చోటును హరించును. ఐదవది నీరు కొద్దియై ఆయకట్టు పెద్దదగుట. ఆశకు మించిన సాగు కలహమునకు మూలము. ఆరవది చోటు కొద్దియై నీరు మిక్కుటమగుట.

ఈ ఆరవదాని భయంకరత్వమును ఈ తరమువారును చూచిరి. 2021 నవంబరులో చెయ్యేటికి వచ్చిన మహావరదకు అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగి, దిగువ గ్రామములు కొట్టుకొనిపోయి, పలువురు అసువులు బాసిరి. ఆరున్నర శతాబ్దముల క్రిందటి శిల ఆ సీమవారికే చెప్పిన హెచ్చరిక ఎంత అవసరమైనదో దీనివలన తెలియును.

కట్టించుట ఒకనాటి పుణ్యము, కాపాడుట నిత్యధర్మము. అందులకే పూర్వము చెరువు మరమ్మతుకు దశబంధ మాన్యములను ఇచ్చిరి, నీరు పంచుటకు నీరుగంటిని నియమించిరి. తొలకరికి ముందే ఊరందరును కూడి పూడిక తీసి, వాగుల దారులు చక్కచేసి, కట్టపై ఎలుకబొరియలు, చెదపుట్టలు పూడ్చి, తూమును పరీక్షించి, అలుగుకు అడ్డము లేకుండ చూచుట వారి ఆచారము. కోనేటిలో మునిగి పవిత్రుడనైతినని తలచు భక్తుడు తన ఊరి చెరువు అలుగును కబళించి ఇల్లు కట్టినచో, ఆ స్నానము ఏపాటి ఫలమిచ్చును?

భాగవతోత్తములారా! వ్రతములకును, యాత్రలకును కూర్చు ద్రవ్యములో, శ్రమలో ఒక పాలు గ్రామ తటాకమునకు ఈయుడు. కట్ట తెగనిచోట పైరు నిలుచును. పైరు నిలిచినచోట అతిథిపూజయు, దేవతార్చనయు నిలుచును. జలశాయియగు శ్రీమన్నారాయణుడు మీ చెరువులను నిండుగా, మీ కట్టలను దృఢముగా ఉంచుగాక!