ఈ బొమ్మలో మనుషులేరి?

ఆ మధ్య గుడివాడలో ఒక ఇంట్లో దర్సె ఖుర్ఆన్‌కు వెళ్ళాను. వసారాలో పిల్లలు చాప మీద అట్టముక్కలు పరచుకొని బొమ్మ పేర్చుతున్నారు. 500 ముక్కలట. ఏ దేశానిదో ఒక సముద్రతీర పల్లె. పెంకుటిళ్ళు, ఒడ్డున పడవలు, నీలిరంగు నీళ్ళు. "మౌలానా! ఇలాంటి బొమ్మలు జాయిజేనా?" అని పిల్లల తండ్రి అడిగాడు.

జవాబు కష్టమైనది కాదు. చిత్రాలు గీసి బ్రతికే ఒకతను హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చినప్పుడు, గీయక తప్పకపోతే చెట్లనూ ప్రాణంలేని వస్తువులనూ గీసుకోమని ఆయన చెప్పిన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. మన పెడన అద్దకం దుప్పట్ల మీద లతలూ పూలూ చూస్తూనే ఉన్నాం కదా! ఈ బొమ్మలోనూ మనిషి లేడు, పక్షి లేదు. నమాజు వేళ మరవనంతవరకు ఆడుకోనివ్వండి అన్నాను. (అసలీ ఆట మొదలైంది చదువు కోసమే. 1760లలో లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే ఆయన దేశపటాన్ని చెక్కకు అంటించి, ముక్కలుగా కోసి, పిల్లలకు భూగోళం నేర్పడానికి అమ్మాడు.)

అక్కడితో ఆగితే బాగుండేది. దర్సులో తఖ్దీర్ ప్రస్తావన రాగానే ఆ బొమ్మనే ఉదాహరణగా ఎత్తుకున్నాను. మన కష్టాలు విడి ముక్కల్లాంటివి, పూర్తి చిత్రం అల్లాహ్ వద్ద ఉంది అన్నాను. అందరూ తలలూపారు. మూలన కూర్చున్న ఇంటి పెద్దావిడ మాత్రం ఆ బొమ్మకేసి చూస్తూ అడిగింది:

"ఇందులో మనుషులేరి బేటా? ఆ ఆదివారం తెల్లారేసరికి మా ఊళ్ళోనూ లేరు. నా ఇద్దరు పిల్లలు ఇందులో ఏ ముక్క?"

ఆమె మెట్టినిల్లు దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం వచ్చిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. అంతకు ముందు 1864 నవంబరు 1 రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో దాదాపు 30,000 మంది. ఈ లెక్కలు నాకు తెలుసు. ఆమె ప్రశ్నకు జవాబు మాత్రం తెలియలేదు.

బందరు తిరిగివచ్చే బస్సులో ఆలోచించాను. విధివ్రాతపై విశ్వాసం ఈమాన్‌లో భాగం, అందులో సందేహం లేదు. ఏ ఆపద అయినా సంభవించక ముందే గ్రంథంలో వ్రాయబడి ఉందని సూరె హదీద్ తెలుపుతోంది. పొరపాటు నా ఉదాహరణలో ఉంది. బొమ్మ పేర్చేవాడి ఎదుట డబ్బా మూత ఉంటుంది, దానిపై పూర్తి చిత్రం ఉంటుంది. మనకు ఆ మూత ఎవరిచ్చారు? హజ్రత్ మూసా (అలై) అంతటి ప్రవక్తే హజ్రత్ ఖిజ్ర్ (అలై) వెంట నడిచి ఓర్చుకోలేకపోయారు. ఖిజ్ర్ వివరించినవి కూడా మూడే సంఘటనలు, అవీ అల్లాహ్ తెలిపితే తెలిసినవి. వహీ ముగిసిపోయాక, "నీ బిడ్డ ఇందుకే పోయాడు" అనే అధికారం ఏ మౌల్వీకీ లేదు.

ఇంకొకటి. అట్టముక్కకు విడిగా విలువ లేదు, బొమ్మ కోసమే దాని ఉనికి. మనిషి అలాంటివాడా? ఒక్క ప్రాణాన్ని అన్యాయంగా తీస్తే మానవాళినంతటినీ చంపినట్లేనని దివ్యఖుర్ఆన్ అంటోంది. ప్రళయదినాన ప్రతి ఒక్కరూ తమ ప్రభువు ఎదుట ఒంటరిగానే నిలబడతారు. తన పసికందు ఇబ్రాహీమ్ చనిపోతున్నప్పుడు మహాప్రవక్త (స) కళ్ళు చెమర్చాయి. అది కారుణ్యమని చెప్పారే గాని, ఆ మరణానికి కారణం విప్పి చెప్పలేదు. నీట మునిగి పోయినవారు షహీదులని మాత్రం తెలియజేశారు.

ముక్క ఎలాగూ తన చోట పడుతుందనుకుంటే సోమరితనమూ వస్తుంది. ప్లేగు ఉందని తెలిసి హజ్రత్ ఉమర్ (రజి) సిరియా దారిలోనే వెనుదిరిగారు. అల్లాహ్ విధి నుండి పారిపోతారా అని అడిగితే, అల్లాహ్ విధి నుండి అల్లాహ్ విధి వైపుకే వెళ్తున్నామన్నారు. 1990 మే నెలలో మళ్ళీ పెద్ద తుఫాను మన తీరాన్ని తాకింది. ఈసారి లక్షలాది మందిని ముందే తరలించారు. మరణాలు వెయ్యి లోపే. ఆ తరలింపూ తఖ్దీరే, తుఫాను షెల్టరు గోడా తఖ్దీరే.

మరుసటి వారం మళ్ళీ గుడివాడ వెళ్ళాను. బొమ్మ డబ్బాలోకి వెళ్ళిపోయింది. ఆ పెద్దావిడ వద్ద కూర్చొని, "అమ్మా, ఆ రోజు తప్పుగా మాట్లాడాను. పిల్లల పేర్లు చెప్పండి, దుఆ చేద్దాం" అన్నాను. చెప్పింది. పెద్దవాడికి ఏడేళ్ళు, చిన్నదానికి మూడు. మనవలు ఆ పేర్లు వినడం అదే మొదటిసారట.