ఫలించిన భ్రమ

తప్పుడు తలంపుతో చేసిన పని ఫలిస్తే ఆ తలంపుకు ఏ పాటి విలువ ఇవ్వాలి? 14వ శతాబ్దపు విద్యారణ్యుల పేరుతో ప్రసిద్ధమైన పంచదశిలో తొమ్మిదో ప్రకరణం, ధ్యానదీపం, ఈ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది. గుమ్మంలో పడుతున్న మణికాంతిని దూరం నుంచి చూసి అదే మణి అనుకుని ఒకడు పరుగెత్తుతాడు, మణి దొరుకుతుంది. మరొకడు దీపకాంతిని చూసి అలాగే పరుగెత్తుతాడు, వాడికి ఏమీ దొరకదు. ఇద్దరూ భ్రమపడ్డవాళ్లే, ఫలించినది మాత్రం సంవాది భ్రమ. ఈ దృష్టాంతం అంతకు చాలా ముందు, 7వ శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి దగ్గరే కనిపిస్తుంది. పంచదశి దానికి మరికొన్ని చేర్చింది: ఆవిరిని పొగ అనుకుని వెళ్లినవాడికి అక్కడ అనుకోకుండా నిప్పు దొరకడం, గోదావరి నీటిని గంగాజలమనుకుని చల్లుకున్నవాడు శుద్ధి పొందడం. భ్రమ సైతం ఫలమిస్తోంది కాబట్టి ఉపాసన ముక్తికి చేర్చడంలో వింత లేదని అక్కడి వాదం. నా అభ్యంతరమల్లా, ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం మీద. వీటి తేడా శాస్త్రచర్చలో కన్నా కారు తలుపులో తేటగా కనిపిస్తుంది.

సెంట్రల్ లాకింగ్ ఉన్న కారులో ఒక్క తలుపే మొండికేసిందనుకుందాం. మిగతా మూడూ పలుకుతున్నాయి కనుక రిమోట్‌ను అనుమానించనక్కర్లేదు. తలుపు లోపల చిన్న మోటారు, దానికి రెండు వైర్లు; కరెంటు ఒక దిక్కున పారితే లాకు పడుతుంది, ఎదురు దిక్కున పారితే విడుతుంది. బాడీ నుంచి తలుపులోకి ఆ వైర్లు కీలు పక్కనున్న రబ్బరు గొట్టం గుండా వెళ్తాయి. తలుపు తీసినప్పుడల్లా, వేసినప్పుడల్లా అక్కడ వంగి వంగి, కొన్నేళ్లకు పై తొడుగు చెక్కుచెదరకుండానే లోపలి రాగి పోగులు తెగుతాయి. తెగిన కొనలు తగిలీ తగలక ఉంటే తలుపు ఒక కోణంలో పలుకుతుంది, ఇంకో కోణంలో పలకదు. ఒక మెకానిక్ మోటారు పోయిందనుకుని డోర్ ప్యాడ్ విప్పుతాడు, బయటి నుంచి కరెంటు ఇస్తాడు, మోటారు తిరుగుతుంది. దాని వైరు పట్టుకుని వెనక్కి వెళ్లి గొట్టంలో తెగిన చోటుకు చేరతాడు. రెండోవాడు కొత్త మోటారు బిగిస్తాడు, లాకు పడుతుంది. నిజానికి బిగించే సందడిలో వైర్లు కదిలి కొనలు కలిశాయి. మూడోవాడు కనెక్టర్‌లో చిలుము పట్టిందని నమ్మి, బాడీ నుంచి మోటారు దాకా వైరు మొత్తం కొత్తది వేస్తాడు.

ముగ్గురూ పొరబడ్డారు, ముగ్గురి చేతిలోనూ ఆ పూట తలుపు పలికింది. మొదటివాడి పొరపాటు మణికాంతి లాంటిది: కాంతికి మణితో ఉన్న సంబంధం నిజమైనది, దాన్ని విడవకుండా వెళ్తే భ్రమ తనంతట తానే సరిదిద్దుకుంటుంది. మూడోవాడిది గోదావరి నీటి శుద్ధి. శక్తి పనిలో ఉంది, నమ్మికలో లేదు, ఏ పేరుతో చేసినా పని జరుగుతుంది. రెండోవాడికి దొరికింది ఆవిరి చాటు నిప్పు, కేవలం యాదృచ్ఛికం. ఆ పూట దక్కిన ఫలం ఈ తేడాలు చెప్పదు. ఆంధ్రుడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో యథార్థానుభవానికిచ్చిన లక్షణంలో ఫలం మాటే లేదు. ఉన్న వస్తువును ఉన్న ధర్మంతో గ్రహించడమే అక్కడ ముఖ్యం. తేడా తెలియాలంటే వ్యతిరేకం కావాలి: పాత మోటారే మళ్లీ బిగించి, తలుపును వెనకటి కోణానికి తెచ్చి, లోపం తిరిగి వస్తుందో లేదో చూడాలి. లోపాన్ని పిలిచినప్పుడు రప్పించగలిగితే కారణం తెలిసినట్టు.

ఇలా పరీక్షిస్తూ పోతే అంతెక్కడ, పరీక్షను పరీక్షించేదేది అని మీమాంసకులు అడుగుతారు. కుమారిలభట్టు పక్షం ప్రకారం జ్ఞానం తనంతటే ప్రమాణం. బాధక జ్ఞానం కలిగినా, సాధనంలో దోషం బయటపడినా తప్ప సందేహించకూడదు. గట్టి వాదమే. కానీ చిలుము పట్టిన వైరు చివర మల్టీమీటర్ పెట్టండి, 12 వోల్టులు చూపిస్తుంది. మీటరులో దోషం లేదు, అంకె అబద్ధం కాదు. మీటరు దాదాపు ఏమీ కరెంటు లాగదు గనక బలహీనమైన వైరు కూడా దానికి సరిపోతుంది. అక్కడే 21 వాట్ల బల్బు పెట్టి బటన్ నొక్కితే అది మినుకుమంటుంది. ఏ దోషమూ లేని ప్రమాణం కూడా, బరువు మోపకుండా అడిగితే, సగం జవాబే ఇస్తుంది. అంతు లేకపోవడమూ లేదు. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలో అన్నట్టు, సందేహం మన నడవడికే విరుద్ధమైన చోట ఆగిపోతుంది. వైరు కలిపాక, తలుపును ఎటు వంచినా, ఎంత బరువు మోపినా బల్బు నిలకడగా వెలిగితే, ఇంకా అనుమానిస్తూనే ఆ కారులో ప్రయాణించేవాడి అనుమానం నోటి మాటే.

భక్తి యంత్రం కాదు, దాన్ని విప్పి చూడలేం అనవచ్చు. నిజమే. మొక్కుకున్నాక బిడ్డకు జ్వరం తగ్గితే, మొక్కు వెనక్కి తీసుకుని జ్వరం తిరిగొస్తుందేమో చూడమనేంత మూర్ఖుడు ఉండడు. దాన్నిబట్టి మొక్కు వట్టిదని తేలదు. జ్వరం తగ్గడం మొక్కుకు సాక్ష్యం కాలేదని మాత్రమే తేలుతుంది. అసలు విద్యారణ్యులకు ఆ సాక్ష్యంతో పని లేదు. ఉపాసన పరిపక్వమై జ్ఞానంగా మారుతుందని ధ్యానదీపమే అంటుంది, అంటే మణికాంతి దృష్టాంతం ఒక్కటే అక్కడ చెల్లుతుంది. ఆవిరి చాటు నిప్పు ఉపాసనను జూదం చేస్తుంది. గోదావరి సంగతి ఇంకా ఇబ్బంది: ఏమనుకుని చల్లుకున్నా శుద్ధి కలిగితే, కర్మకే శక్తి ఉందనే మీమాంసకుడికి అది పండగ, జ్ఞానం ఒక్కటే ముక్తికి సాధనమనే అద్వైతి దాన్ని తన పక్షాన ఎందుకు నిలబెట్టుకున్నాడో నాకు అర్థం కాదు.