మోటారుకి మంచినీళ్లు

అల్లుడూ, నావకి పాత మోటారు కొన్నావని అక్క ఫోన్లో చెప్పింది. "ఇక మేస్త్రీతో పనిలేదు, వీడియోలు చూసి నేనే విప్పుకుంటా" అన్నావంట కూడాను. విప్పుకో, నేనేం వద్దనను. మన అంతర్వేది పల్లిపాలెం నావలకి ఎక్కువ డీజిలు ఇంజన్లే, వాటిని విప్పే చేతులు రేవులోనే దొరుకుతాయి. నీది కేరళ నుంచి వచ్చిన కిరసనాయిలు మోటారు. దాని సంగతి తెలిసినవాడి కోసం సఖినేటిపల్లిలో పంటెక్కి నర్సాపురంలో వాకబు చేయాలి. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు ఓడలు బాగుచేయించుకోడానికి ఆ పక్కనున్న మాధవాయిపాలేనికే వచ్చేవారట. మరమ్మతు మన గోదారి ఒడ్డుకి కొత్త విద్యేం కాదు. నేర్చుకుంటే మంచిదే.

అయితే పానా పట్టే ముందు ఒక పీపా కొను. రెండొందల లీటర్లది, పైమూత కోసేసింది. మోటారు కిందిభాగం అందులో దిగాలి, ఫ్యాన్ పైనుండే రేకు కూడా నీళ్లలో మునగాలి. మోటారు తన వేడి చల్లార్చుకోడానికి ఏ నీళ్లలో ఉంటే ఆ నీళ్లే తాగుతుంది. గోదారి సముద్రంలో కలిసే మొగ దగ్గర తాగేది ఉప్పునీళ్లు. నువ్వు ఇంటికొచ్చి చేపల లెక్క చూసుకుంటుంటే లోపల నీళ్లు ఆవిరై ఉప్పు గడ్డకడుతుంది. అలా నాలుగు నెలలు గడిస్తే దారులన్నీ పూడుకుపోయి ఇంజను వేడెక్కి పట్టేస్తుంది. అప్పుడు నీ వీడియో ఏం చేస్తుంది చెప్పు? వేట నుంచి రాగానే ఆ పీపాలో పెట్టి, ఫ్యాన్ ఊడదీసి, గేరు వెయ్యకుండా ఓ పావుగంట తిప్పు. ఆ నీళ్లు మళ్లీ వాడకు.

బోరు నీళ్లు పోస్తానంటావేమో. మన తీరంలో బోరు నీళ్లూ ఉప్పే, నాలిక మీద వేసి చూసుకో. కాలవ నీళ్లు పట్టు. గన్నవరం దగ్గర అక్విడక్టు మీద వైనతేయను దాటి మన లంకకొచ్చే నీళ్లవి. కింద ఏటికి సముద్రం ఎగదన్నినా పైనుంచి మంచినీళ్లు నడిచొస్తాయి. వేసవిలో కాలవలు కట్టేస్తారు గనుక ముందే చూసుకో. కట్టే రోజులూ వేట నిషేధమూ దాదాపు ఒకేసారి వచ్చిపడతాయి.

ఆ నిషేధం సంగతే చెప్పబోతున్నా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మోటారు కదలదు. అన్ని రోజులూ ట్యాంకులో స్టార్టు చేసే పెట్రోలు ఉంచితే ఏమవుతుందో తెలుసా? ఇప్పుడు బంకులో పోసేదాంట్లో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, తేమ ఎక్కువైతే నీళ్లతో కలిసి అడుక్కి దిగుతుంది. మన కోనసీమ గాలికి తేమ లోటేముంది! అందుకని చివరి వేట అయ్యాక ట్యాంకు ఖాళీ చెయ్యి. పెట్రోలు పైపు ఊడదీసి, మోటారు తనంతట తను ఆగేదాకా పీపాలోనే తిప్పు, కార్బొరేటర్ కూడా ఆరిపోతుంది. కిరసనాయిలు మీద నడుస్తున్నప్పుడు మాత్రం రేవు చేరకముందే పెట్రోలుకి మార్చు. కిరసనాయిలు లోపల ఉండగా ఆపేస్తే మర్నాడు తాడు లాగలేక నీ భుజం పోతుంది. టూ స్ట్రోక్ ఆయిలు పాళ్లు మోటారు బుక్కులో ఉన్నట్టే కలుపు, బండి లెక్క పట్టుకోకు. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉన్నదే తెచ్చుకో.

మోటారు నడుస్తుంటే పక్క నుంచి సన్నటి నీటిధార వస్తుంది చూడు, దానిమీద ఓ కన్నుంచు. సన్నబడితే ఆపేసి, ఆ కన్నంలో ఇసుక ఉందేమో తీగతో పొడిచి చూడు. అప్పటికీ రాకపోతే కింద నీళ్ల పంపులో ఉండే రబ్బరు చక్రం పోయినట్టే. దీన్ని నువ్వే మార్చుకోవచ్చు, ఏటా మార్చు కూడా. విప్పేటప్పుడు కింద పాత పంచె పరుచుకో. బెల్లంముక్క కంటే చిన్న కీ ఒకటి జారుతుంది, ఇసుకలో పడితే దొరకదు. పాత చక్రం రెక్క విరిగుంటే ఆ ముక్క దొరికేదాకా మళ్లీ బిగించకు, అది పైకెళ్లి నీళ్లదారికి అడ్డంపడుతుంది. నీళ్లు లేకుండా ఒడ్డు మీద "ఒక్కసారి స్టార్టు చేసి చూద్దాం" అనే సరదా మాత్రం వద్దు. ఆ రబ్బరు క్షణాల్లో మాడిపోతుంది.

ఫ్యాన్ నెలకోసారి తీసి వెనక చూడు. వల నైలాను పోగు షాఫ్టుకి చుట్టుకుని సీలు కోసేస్తుంది. గేరు ఆయిలు పాలలా తెల్లగా వచ్చిందంటే నీళ్లు దిగాయనే. అక్కడితో నీ చెయ్యి ఆపు. గేరుపెట్టె, హెడ్డు లోపలి పని మేస్త్రీది. డబ్బులిచ్చి, పక్కన కూర్చుని చూడు. మేస్త్రీ దగ్గర నేర్చుకోవడం నామర్దా ఏమీ కాదు.

ఇసుకమేటకి తగిలి ఫ్యాన్ పిన్ను తెగితే, చేతికి దొరికిన మేకు కోసి పెట్టేవాళ్లని చూశాను. తెగడానికే పెట్టారురా దాన్ని! అది తెగకపోతే గేరు పళ్లు రాలతాయి. నావలో అసలు పిన్నులు రెండు, ఒక ప్లగ్గు, దాని పానా, ఓ తాడు ఉంచు. మొగలో మోటారు ఆగితే ముందు లంగరు వెయ్యి. మూత తియ్యడం ఆ తర్వాత. పాటు మీద నావ సముద్రంలోకి ఎంత తొందరగా పోతుందో నీకు నేను చెప్పాలా? ఆపే స్విచ్చు తాడు మణికట్టుకి కట్టుకోవడం మర్చిపోకు.

ఖర్మ కాలి మోటారే నీళ్లలో పడితే, ఎండలో ఆరబెట్టకు. గాలి తగిలిన దగ్గర్నుంచీ తుప్పు మొదలవుతుంది. ఆ కాలవనీళ్ల పీపాలోనే ఇంజను భాగం మునిగేలా ఉంచి మేస్త్రీకి కబురుచెయ్యి, ఆ రోజే విప్పించు. అంతవరకూ తాడు లాగకు.

ఆదివారం వస్తాను. ప్లగ్గు పానా మీ నాన్న దగ్గరుండాలి, అడుగు. పీపా మటుకు కొత్తది కొనకు, మలికిపురంలో పాతవి దొరుకుతాయి. యాసిడ్ పోసింది కాకుండా చూసుకో.